చికాగో ప్రదర్శనలో ఒంటరి యాత్రికుడు: హైదరాబాదుతో ముడిపడిన 1893 నాటి ప్రయాణం

పరిచయం

పాతబస్తీ ట్రావెల్ ఏజెన్సీల బోర్డుల మీద నేడు దుబాయ్, సింగపూర్ వినోద పార్కుల బొమ్మలు కనిపిస్తాయి. కొందరు ఏజెన్సీ బృందంతో వెళ్తారు. మరికొందరు వీసా, విమానం, బస, పార్కు టిక్కెట్టు అన్నీ తామే చూసుకుని సొంతంగా బయలుదేరతారు. ఈ రెండో పద్ధతి ఇంటర్నెట్ వచ్చాక పుట్టిందని మనం అనుకుంటాం. కానీ ఇలాంటి పార్కులకు మూలం 19వ శతాబ్దపు ప్రపంచ ప్రదర్శనలలో ఉంది. వాటిని చూడటానికి ఏ కంపెనీ అండా లేకుండా వెళ్లిన భారతీయులూ ఉన్నారు. వారిలో ఒకరి దారి హైదరాబాదు మీదుగా సాగింది. ఆయన వివేకానంద స్వామి. ఆ యాత్రను సాధారణంగా 1893 సెప్టెంబరు 11 నాటి ఉపన్యాసంతో మొదలుపెట్టి చెబుతారు. ఈ పాఠంలో మనకు కావలసింది అంతకుముందు గడిచిన ఆరు వారాలు.

హైదరాబాదులో వారం రోజులు

1893 ఫిబ్రవరి 10న ఆయన మద్రాసు నుంచి హైదరాబాదు వచ్చారు. నిజాం ప్రభుత్వ ఇంజనీరు మధుసూదన్ ఛటర్జీ ఇంట్లో బస. గోల్కొండ, చార్మినార్, మక్కా మసీదు, ఫలక్‌నుమా చూశారు. 13వ తేదీన సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో, తాను పశ్చిమ దేశాలకు ఎందుకు వెళ్లదలచారో వివరిస్తూ మాట్లాడారు. వినడానికి వెయ్యి మందికి పైగా వచ్చారని జీవిత చరిత్రలు చెబుతాయి.

మన అంశానికి అంతకంటే ముఖ్యమైన సంఘటన దానికి ముందు రోజు జరిగింది. పైగా ప్రభువు, ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషాకు బావ అయిన నవాబు ఖుర్షీద్ జా ఆయనతో రెండు గంటలకు పైగా సంభాషించారు. (ఈ ప్రభువు పేరుతో ఉన్న పల్లాడియన్ శైలి దేవిడీ హుస్సేనీ ఆలంలో నేటికీ ఉంది. పాతబస్తీ విద్యార్థులు వెళ్లి చూడవచ్చు.) సంభాషణ ముగిశాక నవాబు ప్రయాణ ఖర్చులకు వెయ్యి రూపాయలు ఇస్తానన్నారు. ఇంకా సమయం రాలేదని, వచ్చినప్పుడు తెలియజేస్తానని స్వామి ఆ సొమ్ము తీసుకోలేదు. తరువాత మద్రాసులో అళసింగ పెరుమాళ్ తదితరులు పోగుచేసిన చందాలు, ఖేత్రీ మహారాజు సహాయం ఆయన ప్రయాణానికి ఆధారమయ్యాయి. వదులుకున్న ఆ వెయ్యి రూపాయలను గుర్తుంచుకోండి.

ఆయన చూడబోయిన ప్రదర్శన

మే 31న బొంబాయిలో ఓడ ఎక్కి సింగపూర్, హాంకాంగ్, జపాన్ మీదుగా వాంకూవర్ చేరి, అక్కడి నుంచి రైలులో జూలై చివర చికాగోలో దిగారు. సర్వమత సభ ఇంకా మొదలు కాలేదు. ఊరంతా ప్రపంచ ప్రదర్శన సందడిలో ఉంది. కొలంబస్ అమెరికా చేరి 400 ఏళ్లయిన సందర్భంగా ఏర్పాటైన ఈ ప్రదర్శన మే 1 నుంచి అక్టోబరు 30 వరకు నడిచింది. ప్రవేశ రుసుము 50 సెంట్లు. ఆరు నెలల్లో సందర్శనల సంఖ్య 2 కోట్ల 70 లక్షల దాకా చేరింది.

ప్రదర్శన ప్రధాన భాగంలో యంత్రాలు, కళలు, వ్యవసాయం వంటి గంభీరమైన విషయాలకు తెల్లని పెద్ద భవనాలు ఉండేవి. మన నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీనదయాళ్ చిత్రాలకు పురస్కారం లభించింది ఈ ప్రదర్శనలోనే. దాని పక్కనే సుమారు మైలు పొడవున మిడ్‌వే ప్లెయిసాన్స్ అనే వినోద వీధి ఉండేది. జార్జి ఫెర్రిస్ నిర్మించిన 264 అడుగుల రంగులరాట్నం అక్కడిదే. దానికి 36 పెట్టెలు, ఒక్కో పెట్టెలో 60 మందికి చోటు. రెండు చుట్లకు మరో 50 సెంట్లు. ఆ రాట్నాన్ని చూసిన జార్జి టిల్యూ 1897లో న్యూయార్కు దగ్గర కోనీ ఐలాండ్‌లో ప్రహరీ కట్టి, ప్రవేశ రుసుము పెట్టి వినోద పార్కు తెరిచాడు. ఆ ప్రదర్శన నిర్మాణంలో వడ్రంగిగా పనిచేసిన ఎలియాస్ డిస్నీ కొడుకే 1955లో డిస్నీల్యాండ్ తెరిచిన వాల్ట్ డిస్నీ. నేటి థీమ్ పార్కు వంశవృక్షం ఆ వినోద వీధి నుంచి ఇలా సాగింది.

రోజుకు ఒక పౌను

ప్రదర్శన మొత్తం చూడాలంటే కనీసం పది రోజులు పడుతుందని ఆగస్టు 20 నాటి ఉత్తరంలో స్వామి అళసింగకు రాశారు. తాను దాదాపు పన్నెండు రోజులు చూశారు. అదే ఉత్తరంలో డబ్బు సంగతి కూడా ఉంది: తనకు రోజుకు సగటున ఒక పౌను ఖర్చవుతోందని, అమెరికావారు డబ్బును నీళ్లలా పోస్తారని వాపోయారు.

ఈ లెక్కను కాస్త విప్పి చూద్దాం. 1870ల ఆరంభంలో పది రూపాయలకు ఒక పౌను వచ్చేది. తరువాత ప్రపంచ విపణిలో వెండి ధర పడిపోతూ వచ్చింది. మన రూపాయి వెండి నాణెం కనుక దాని విలువా పడిపోయి, 1893 నాటికి పౌనుకు సుమారు 16 రూపాయలు పెట్టవలసి వచ్చింది. స్వామి తూర్పు ఆసియా దారిలో ఉండగానే, జూన్ 26న, ఈ పతనాన్ని ఆపడానికి బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం ప్రజలు తెచ్చే వెండిని నాణేలుగా ముద్రించడం మానుకుంది. అంటే యాత్రికుడు ఏ దుబారా చేయకపోయినా, ఇరవై ఏళ్ల కిందటి యాత్రికుడి కంటే అతనికి ప్రతి రోజూ ఒకటిన్నర రెట్లకు పైగా ఖర్చయ్యేది. ఖుర్షీద్ జా ఇస్తానన్న వెయ్యిని కల్దార్ రూపాయలుగా లెక్కిస్తే 60 పౌన్ల పైచిలుకు, అంటే రెండు నెలల ఖర్చు. జూలై 30 నుంచి లెక్కపెడితే అది సెప్టెంబరు 11ను దాటి ఆ నెలాఖరు దాకా సరిపోయేది. ఆయన నిర్ణయం తప్పని చెప్పడానికి కాదు ఈ లెక్క. డబ్బు పంపమని ఆయన మద్రాసుకు టెలిగ్రాం ఎందుకు ఇవ్వవలసి వచ్చిందో, ఖర్చు తక్కువని విని చికాగో వదిలి బోస్టన్ వైపు ఎందుకు వెళ్లారో దీనివల్ల అర్థమవుతుంది.

డబ్బుకు చలి తోడైంది. వెచ్చని బట్టలు లేక ఉత్తర పసిఫిక్ దారిలోనే బాధపడ్డారు. సర్వమత సభలో పాల్గొనాలంటే గుర్తింపు పత్రం కావాలనీ, పేరు నమోదుకు గడువు దాటిపోయిందనీ చికాగో వచ్చాకే తెలిసింది. పంపినవారెవరూ ఈ సంగతులు ముందుగా విచారించలేదు.

చూసేవాడు, చూడబడేవాడు

మిడ్‌వేలో కైరో వీధి, జావా గ్రామం, దహోమీ గ్రామం వంటివి ఉండేవి. ఆసియా, ఆఫ్రికా ప్రజల జీవితాన్ని టిక్కెట్టు పెట్టి చూపించడం ఆనాటి ప్రదర్శనల పద్ధతి. ఆ వాతావరణంలో టిక్కెట్టు కొని లోపలికి వచ్చిన భారతీయుడు కూడా జనానికి ఒక ప్రదర్శన వస్తువుగానే కనిపించేవాడు. తన వేషం చూడటానికి వీధుల్లో వందల మంది మూగుతున్నారని స్వామి రాశారు.

ఉత్తరంలోని ఒక ఉదంతం ఈ విషయంలో ఎంతో విలువైనది. కపుర్తలా రాజు కూడా అప్పుడు చికాగోలో ఉన్నారు. నగర ప్రముఖులు ఆయనను నెత్తిన పెట్టుకున్నారు. ప్రదర్శన ఆవరణలో ఎదురుపడినా ఆయన ఈ బీద ఫకీరుతో మాట్లాడలేదట. అక్కడే ధోవతి కట్టుకుని బొమ్మలు అమ్ముకునే ఒక మరాఠీ బ్రాహ్మణుడు ఆ రాజు గురించి విలేకరులకు చెడుగా చెప్పాడు. మర్నాడు పత్రికలు ఆ మాటలన్నీ భారతదేశపు జ్ఞాని అన్నట్టుగా స్వామి నోట పెట్టి అచ్చువేశాయి. రాజు, సన్యాసి, చిరువ్యాపారి ముగ్గురూ తమ తమ దారిన వచ్చినవారే. కానీ విలేకరుల కంటికి వారి మధ్య తేడా పెద్దగా కనిపించలేదు.

పరిచయ పత్రం

రైలులో పరిచయమైన రచయిత్రి కేట్ శాన్‌బార్న్ ఆయనను మసాచుసెట్స్‌లోని తన ఇంటికి ఆహ్వానించారు. తనకు రోజుకు ఒక పౌను మిగులుతోందని, ఆమెకు తన స్నేహితులకు చూపించడానికి భారతదేశపు వింత వస్తువు దొరికిందని స్వామి హాస్యంగా రాశారు. అక్కడ ఏర్పడిన పరిచయాల వల్లనే హార్వర్డ్ ఆచార్యుడు జాన్ హెన్రీ రైట్ ఆయనను కలిశారు. రైట్ సర్వమత సభ నిర్వాహకులకు పరిచయ పత్రం రాసి ఇచ్చారు, చికాగోకు రైలు టిక్కెట్టు కూడా కొన్నారు.

సెప్టెంబరు రెండో వారంలో చికాగోలో మళ్లీ దిగినప్పుడు పరిచయ పత్రం ఉంది కాని, వెళ్లవలసిన కార్యాలయం చిరునామా కాగితం పోయింది. ఆ రాత్రి రైల్వే యార్డులో ఖాళీగా ఉన్న ఒక పెట్టెలో పడుకున్నారు. తెల్లవారాక ఇంటింటికీ వెళ్లి దారి అడిగారు. చాలా తలుపులు మూసుకున్నాయి. అలసిపోయి వీధి పక్కన కూర్చున్నప్పుడు ఎదురింటి శ్రీమతి హేల్ బయటికి వచ్చి, మీరు సర్వమత సభకు వచ్చిన ప్రతినిధా అని అడిగారు.