పద్యంలో దాగిన 641

ఏలూరుకు ఉత్తరాన ఉన్న పెదవేగే ఒకనాటి వేంగి. ఆ వేంగీ చాళుక్యుల ఏలుబడిలోనే పావులూరి మల్లన, మహావీరాచార్యుడి సంస్కృత గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయన పేర నిలిచిన ఒక చంపకమాల గణితం చదవనివాళ్ళకు కూడా నోటికొచ్చు. చదరంగం మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, ఆపైన నాలుగు, ఇలా రెట్టిస్తూ 64 గళ్ళూ నింపితే మొత్తం ఎంతన్నది అందులోని లెక్క. జవాబు 18446744073709551615.

ఆ లెక్కన గళ్ళలో వడ్లగింజలు పోశామనుకుందాం. వెయ్యి గింజలు 20 గ్రాములు తూగినా మొత్తం 37 వేల కోట్ల టన్నులకు కాస్త తక్కువ. తాడేపల్లిగూడెం మిల్లుల మాట అటుంచి, ప్రపంచమంతా ఏటా పండించే సుమారు 80 కోట్ల టన్నుల వడ్లను 450 ఏళ్ళు పోగేసినా చాలవు.

ఇంత పొడుగు సంఖ్య చెక్కుచెదరకుండా మన దాకా రావడానికి కారణం ఛందస్సేనని నా నమ్మకం. అంకెలకు బదులు మాటలుంటాయి, ఒకట్ల స్థానం నుంచి ఎడమకు నడుస్తాయి. మూడు 7లకు నగ, భూధర, గిరి, అన్నీ కొండలే. మొదటి మాట శర, అంటే 5. పదకొండో అక్షరం దగ్గర యతి కుదరాలి, అక్కడా 5 రావాలి. మళ్ళీ శర అంటే గణం చెడుతుంది. అందుకే సాయక. అర్థం అదే బాణం, శకారానికి సకారంతో యతీ చెల్లింది. రాతలో ఒక అంకె తారుమారైతే కన్ను దాటిపోవచ్చు. ఇక్కడ మాట జారితే చాలాచోట్ల చెవే పట్టేస్తుంది.

ఇప్పుడు ఈ సంఖ్యను విడగొట్టి చూడండి. చివర 5 ఉంది కనుక 5 భాగిస్తుంది. అంకెల మొత్తం 87, కనుక 3 భాగిస్తుంది, 9 భాగించదు. అసలు కీలకం వేరే ఉంది: రెండు 64వ ఘాతం మైనస్ ఒకటి అంటే 4294967295, 4294967297ల లబ్ధం. ఈ రెండోది ప్రధాన సంఖ్యేనని 1640 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో ఫెర్మా నమ్మాడు, నిరూపించలేదు. 1732లో ఆయిలర్ దాన్ని 641, 6700417ల లబ్ధంగా విడగొట్టాడు. కాగితం మీద చేసి చూడండి: 640 అంటే 5 సార్లు 128. 641 అంటే 625, 16ల మొత్తం. ఈ రెండు ముక్కలూ కలిపితే 4294967297ను 641 నిశ్శేషంగా భాగిస్తుందని నాలుగు వరుసల్లో తేలిపోతుంది. ఫెర్మా కంటికి అందని ఆ కారణాంకం మల్లన పద్యంలోని సంఖ్యలో అప్పటికే ఉంది! అది తలచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

మిగిలిన సగం, 4294967295, ఇంకా అందమైనది. దాని కారణాంకాలు 3, 5, 17, 257, 65537. ఫెర్మా చెప్పిన రూపంలో (రెండు 1, 2, 4, 8, 16, 32... ఇలా రెట్టించే ఘాతం ప్లస్ ఒకటి) ఇప్పటిదాకా దొరికిన ప్రధాన సంఖ్యలు ఈ అయిదే. 1796లో గౌస్ 17 భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినులతోనే గీయవచ్చని కనిపెట్టాడు. ఆ దారిలోనే వెళ్తే 4294967295 భుజాలున్న బొమ్మనూ గీయవచ్చు. బేసి భుజాలతో అలా గీయగలమని మనకు తెలిసిన వాటిలో అన్నిటికంటే పెద్దది అదే.