వివర్తనం: పక్కకు తిరిగే వెలుగు

ఇంటర్ ఫిజిక్సు పుస్తకంలో ‘వివర్తనం’ చూసి పిల్లలు బెదురుతారు గానీ, దీని చుట్టాలు మన నోట రోజూ నానేవే: వర్తన, ప్రవర్తన, పరివర్తన. అన్నిటికీ మూలం ‘వృత్’ ధాతువు. తిరగడం, మెలగడం అని అర్థం. అంచు తగిలినచోట, సన్నని సందులో దూరినచోట వెలుగు నేరుగా పోకుండా పక్కకు తిరిగి పరుచుకుంటుంది. అదే వివర్తనం.

1665లో అచ్చయిన పుస్తకంలో ఇటలీ పండితుడు గ్రిమాల్డి దీనికి వాడిన లాటిన్ పేరుకు మాత్రం ముక్కలుగా విరగడమని అర్థం. విరిగినవాటి సంగతి పుత్తూరు కట్టు కట్టేవాళ్లకు వదిలేద్దాం. మన మాటే నయం.

పుత్తూరులో ఇంకో సరుకుంది, మరమగ్గం గుడ్డ. వివర్తనాన్ని కళ్లారా చూడటానికి అది చాలు. పలుచటి తెల్లగుడ్డను కంటిముందు బిగలాగి పట్టుకుని, రాత్రిపూట దూరంగా వెలిగే వీధిదీపాన్ని చూడండి. ఒక్క దీపం కూడిక గుర్తులా చుక్కలు చుక్కలుగా విచ్చుకుంటుంది. చుక్కలకు లోపలివైపు నీలం, బయటివైపు ఎరుపు. గుడ్డను పక్కకు జరిపితే చుక్కలు కదలవు, తిప్పితే తిరుగుతాయి. నేత ఎంత చిక్కనైతే చుక్కలు అంత ఎడం. 1785లో అమెరికాలో హాప్‌కిన్సన్ పట్టు చేతిరుమాలులోంచి ఇదే చూసి, ఎందుకిలా అని ఖగోళ శాస్త్రవేత్త రిటెన్‌హౌస్‌ను అడిగాడు.

వేదాంతులకు ‘వివర్తం’ అంటే తాడు పాముగా తోచడం. ఫిజిక్సులో ఆ భ్రమ లేదు. 1927లో డేవిసన్, జెర్మర్ అనే శాస్త్రవేత్తలు నికెల్ స్ఫటికం మీదికి ఎలక్ట్రాన్లను వదిలితే అవీ వెలుగులాగే మెలిగాయి. పదార్థానికీ అల గుణం ఉంటుందని 1924లో ఫ్రాన్సు శాస్త్రవేత్త ద బ్రాయ్ అన్నది అలా రుజువైంది.