బార్బరా బుష్ గిల్టు ముత్యాలు

1989 జనవరి 20. అమెరికాకి 41వ అధ్యక్షుడిగా జార్జి బుష్ ప్రమాణ స్వీకారం చేసిన రోజు (పెద్ద బుష్, మనందరికీ బాగా గుర్తున్న చిన్న బుష్ గారి నాన్న). ఆ రాత్రి జరిగిన విందుల్లో ఫొటోలన్నిటిలోనూ ఆయన పక్కన ఉన్నది భార్య బార్బరా. అప్పటికి ఆవిడకి 63 ఏళ్ళు. జుట్టు ముగ్గుబుట్ట. ఒంటి మీద ఆర్నాల్డ్ స్కాసీ అనే పేరున్న డిజైనర్ చేసిన నీలం గౌను. మెళ్ళో మూడు పేటల ముత్యాలు. ఆ ముత్యాలు అసలువి కావు! కెన్నెత్ జే లేన్ అనే ఆయన తయారుచేసిన నకిలీ సరుకు. ఆ వేడుకలకి ఆవిడ వేసుకున్న జోళ్ళ ఖరీదు 29 డాలర్లని కూడా పత్రికలు రాశాయి.

మన లెక్కలో చెప్పాలంటే కంచి పట్టుచీర కట్టుకుని, గిల్టు హారం వేసుకుని, బజార్లో బేరమాడి కొన్న చెప్పులతో ముఖ్యమంత్రి ఇంటి పెళ్ళికి వెళ్ళడం లాంటిది. అదీ ఆ ముఖ్యమంత్రి భార్యే.

దీని వెనకాల కొంచెం కథ ఉంది. బుష్ కన్నా ముందు ఎనిమిదేళ్ళు శ్వేతసౌధంలో ఉన్నావిడ నాన్సీ రీగన్. ఈవిడ 1981లో ప్రమాణ స్వీకారానికి జేమ్స్ గలానోస్ గౌను వేసుకుంది. బయటేమో ఆర్థిక మాంద్యం, ఉద్యోగాలు పోతున్నాయి. లోపలేమో డిజైనర్ల దగ్గర అరువు తెచ్చుకున్న ఖరీదైన బట్టలు. జనం ఊరుకుంటారా? అరువు సంగతి 1982లో బయటపడి పెద్ద గొడవే అయింది. ఆ తర్వాత వచ్చిన బార్బరా గారు, తెల్లజుట్టుతో, ఉత్తుత్తి ముత్యాలతో, నా ముడతలు కప్పుకోవడానికే ఇవి అని తన మీద తనే జోకులేసుకుంటూ కనిపించేసరికి దేశానికి తెగ నచ్చేసింది. లేన్ ముత్యాల అమ్మకాలు ఊపందుకున్నాయి.

ఆ తెల్లజుట్టు గురించి ఒక మాట. అది వయసుతో వచ్చింది కాదు. ఆవిడ కూతురు రాబిన్ 1953లో నాలుగేళ్ళైనా నిండకుండా లుకేమియాతో పోయింది. ఆ దిగుల్లోనే, ఇరవైల్లో ఉండగానే ఆవిడ జుట్టు నెరవడం మొదలైంది. కొన్నాళ్ళు రంగేసి తర్వాత మానేసింది. మెళ్ళో ఉన్నది నకిలీ అయితే అయింది గానీ తలమీద ఉన్నది మాత్రం అసలుదే.

నకిలీ నగలు కొత్తేమీ కాదు. లండన్ లో పించ్‌బెక్ అనే గడియారాల పనివాడు రాగి, జింకు కలిపి బంగారంలా కనపడే మిశ్రమం చేశాడు, 1732లో చనిపోయాడు. అదే శతాబ్దంలో పారిస్ లో స్ట్రాస్ అనే ఆయన గాజుతో వజ్రాలు చేసి ఏకంగా రాజుగారికే నగల వర్తకుడైపోయాడు. కానీ వీటన్నిటి ఉద్దేశం ఒకటే.. చూసేవాడు అసలనుకోవాలి. దొరికిపోతే పరువు పోయినట్టే.

ఈ లాజిక్ ని తిరగేసింది కోకో షనెల్. 1920ల్లో నల్లరంగు సాదా గౌను ఒకటి చేసింది. అమెరికా వోగ్ పత్రిక 1926లో దాన్ని ఫోర్డ్ కారుతో పోల్చింది. అంటే అందరికీ ఒకటే మోడల్, అందరికీ నప్పుతుంది అని. ఆ సాదా గౌను మీద పేటలు పేటలుగా గాజు ముత్యాలు, రంగురాళ్ళు వేసింది. 1924లోనే నకిలీ నగలకి సొంత వర్క్‌షాప్ పెట్టుకుంది. తన దగ్గరున్న అసలు నగలతో నకిలీవి కలిపి వేసుకునేది. నకిలీ అని తెలియాలి, తెలిసినా బాగుండాలి.. ఇదీ ఆవిడ పద్ధతి. యుద్ధకాలంలో జర్మన్ అధికారితో సంబంధం పెట్టుకుందన్న మచ్చ ఆవిడకి ఉంది, దాన్ని దాటేసి ఆవిణ్ణి మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. కానీ 1939లో మూసేసిన దుకాణాన్ని 1954లో, డెబ్భై ఏళ్ళ వయసులో మళ్ళీ తెరిచింది. ఫ్రెంచి పత్రికలు ముసలిదాని పని అయిపోయిందన్నట్టు రాశాయి. అమెరికా ఆడవాళ్ళు మాత్రం కొన్నారు. అసలు కొనలేనివాళ్ళ కోసం న్యూయార్క్ లో ఓర్‌బాక్స్ లాంటి దుకాణాలు పారిస్ బట్టల్ని కుట్టుకి కుట్టు కాపీ చేసి తక్కువకి అమ్మేవి. మన ఓపెన్ సోర్స్ కాదు గానీ దాని చుట్టం అనుకోవచ్చు :-)

నకిలీ అసలుని మించిపోయిన సందర్భం కూడా ఉంది. జాకీ కెనెడీ పోయాక ఆవిడ వస్తువుల్ని 1996లో సదబీస్ వేలం వేసింది. అందులో మూడు పేటల ఉత్తుత్తి ముత్యాల హారం 2,11,500 డాలర్లకి పోయింది. కొన్న ఫ్రాంక్లిన్ మింట్ కంపెనీ దానికి కాపీలు చేసి అమ్ముకుంది. నకిలీకి నకిలీ అన్నమాట!

సరే, మన సంగతికొద్దాం. తెలుగులో ఈ వస్తువుకున్న పేర్లు చూడండి. గిల్టు, కాకిబంగారం, రోల్డ్ గోల్డ్.. అన్నీ తిట్లే. "వాడొట్టి గిల్టు సరుకు" అంటే ఇంక చెప్పేదేముంది. చైనా యుద్ధం తర్వాత 1963 జనవరిలో మొరార్జీ దేశాయ్ గోల్డ్ కంట్రోల్ తెచ్చి, 14 కేరెట్లకి మించి నగ చెయ్యకూడదన్నారు. కంసాలి కుటుంబాలు ఎన్నో రోడ్డున పడ్డాయి. ఆ 14 కేరెట్ల నిబంధన తర్వాత పోయింది గానీ, 1968లో చట్టంగా మారిన కంట్రోలు 1990 దాకా ఉంది. ప్రభుత్వం అంత గట్టిగా వద్దన్నా మనవాళ్ళ బంగారం పిచ్చి తగ్గలేదు. అయితే కొనలేని వాళ్ళకి ఒక దారి ఉంది, దాని పేరు చిలకలపూడి. మచిలీపట్నంలో భాగం, పాండురంగస్వామి గుడి ఉన్న ఊరు. రాగి, ఇత్తడి మీద బంగారం పూత వేసి గాజుల నుంచి వడ్డాణం దాకా చేస్తారు. అసలు రోల్డ్ గోల్డ్ అంటే బంగారు రేకుని వేరే లోహానికి అతికించి రోలర్లలో వత్తడం. కరెంటుతో పూత పూసేది వేరే పద్ధతి. మనం మాత్రం రెండిటికీ ఒకటే పేరు పెట్టేశాం.

నన్ను ఇంజనీరింగ్ లో చేర్చిన ఏడాది మా అమ్మ గాజులు, చంద్రహారం బ్యాంకుకెళ్ళాయి. మీలో సగం మంది ఇళ్ళలో ఇదే జరిగుంటుంది. ఆ ఏడాదే మా పిన్ని కూతురి పెళ్ళి. అమ్మ మంగళగిరి పట్టుచీర కట్టుకుని చిలకలపూడి హారం వేసుకుంది. చాలా బాగుంది కూడా. పెళ్ళిలో దూరపు చుట్టం ఒకావిడ ఆ హారాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, బరువు చూసి, "వన్ గ్రామా వదినా?" అంది. అమ్మ అవునంది. అంతే, భోజనాల దాకా పైట కొంగు ఆ హారం మీంచి తియ్యలేదు.

తిక్కంతా ఇక్కడే ఉంది. అధ్యక్షుడి భార్య మెళ్ళో నకిలీ ఉంటే నిరాడంబరత. షనెల్ మెళ్ళో ఉంటే స్టైలు. ఎందుకంటే వాళ్ళు అసలుది కొనగలరని అందరికీ తెలుసు. యాభై దాటిన మధ్యతరగతి ఆడమనిషి మెళ్ళో అదే ఉంటే, ఇంట్లో ఏం కష్టమొచ్చిందో అని లెక్కలు కడతారు. పాతికేళ్ళ పిల్ల ఉద్యోగానికి టెర్రకోట జూకాలు పెట్టుకుని వెళితే ఎవరూ బరువు చూడరు. వయసు పెరిగేకొద్దీ ఒంటి మీద బంగారమే ఆ ఇంటి బ్యాలెన్స్ షీట్ అయి కూచుంటుంది. 2025లో పది గ్రాములు లక్ష దాటాక ఈ ఆడిట్ కాస్త తగ్గినట్టు కనిపిస్తోంది. ఇప్పుడు పెళ్ళిళ్ళలో అడిగే ప్రశ్న "ఎక్కడ కొన్నావు?"

అమ్మ గాజులు రెండేళ్ళకి విడిపించాం. అవి ఎక్కువగా బీరువాలోనే ఉంటాయి. బయటికెళ్ళేటప్పుడు చేనేత చీర, దాని మీదకి ఒకటే పెద్ద నగ, చెవులకి చిన్నవి, ఇది ఆవిడ రూలు. సెంటు, పౌడరు అన్నీ అయ్యాక ఆఖర్న హారం. చెమట తగిలితే పూత పోతుంది కాబట్టి ఇంటికి రాగానే నూలుగుడ్డతో తుడిచి, గాలి తగలకుండా ప్లాస్టిక్ కవర్లో పెడుతుంది. నల్లబడితే బందరు వెళ్ళేవాళ్ళెవరో ఒకరి చేతికిచ్చి మళ్ళీ మెరుగు పెట్టించుకుంటుంది.