డెనిసన్ బావి తీర్పు

సభలకు వచ్చిన మన అతిథులు లాస్ కొలీనాస్‌లో కంచు గుర్రాల దగ్గర తప్పకుండా ఫొటోలు దిగుతారు. వాటి కాళ్ళ కింద నీళ్ళు, పక్కన కాలువ, ఆవల లేక్ కెరొలిన్ చూస్తే ఇర్వింగ్‌కు నీటికి కొదవ లేదనిపిస్తుంది. ఆ లేక్ మనుషులు కట్టినదే. ఊరి కుళాయిల్లో వచ్చే నీళ్ళు డాలస్ దగ్గర కొన్నవీ, ఎక్కడో ఈశాన్యాన ఉన్న చాప్‌మన్ లేక్ నుంచి పైపుల్లో తెచ్చుకున్నవీ. 1950లో 2,621 మంది ఉన్న ఊరు 1960 నాటికి 45,985కి పెరిగింది. అంతమంది దాహం తీర్చడం బావుల వల్ల అయ్యే పని కాదు.

నిజానికి ఈ నేల కింద ట్రినిటీ అనే పెద్ద నీటిపొర ఉంది. ఐ-35 వెంబడి ఊళ్ళన్నీ దాన్ని తోడగా తోడగా నీటిమట్టం 350 నుంచి 1,000 అడుగులకు పైగా పడిపోయింది. ఊళ్ళు చెరువుల నీటికి మళ్ళాకే ఆ పతనం నెమ్మదించింది. అంతగా తోడేస్తుంటే అడిగేవారు లేరా అంటే, అడిగిన ఒకాయన కథ ఉంది.

ఇక్కడికి ఉత్తరాన గంటన్నర ప్రయాణంలో డెనిసన్ ఉంది. అక్కడ ఈస్ట్ అనే ఆయన ఇంట్లో 33 అడుగుల బావి ఉండేది. 1901లో హ్యూస్టన్ అండ్ టెక్సస్ సెంట్రల్ రైల్వే తన ఇంజిన్లకూ వర్క్‌షాపులకూ పక్కనే 20 అడుగుల వెడల్పు, 66 అడుగుల లోతున బావి తవ్వి రోజుకు 25,000 గాలన్లు తోడసాగింది. ఈస్ట్ బావి ఎండిపోయింది. ఆయన దావా వేశాడు. 1904లో, అంటే ఇర్వింగ్ పుట్టిన మరుసటి ఏడు, టెక్సస్ సుప్రీంకోర్టు రైల్వే పక్షాన తీర్పు చెప్పింది. ఎవరి నేల కింది నీళ్ళు వారు ఎంతైనా తోడుకోవచ్చు, పాతాళంలో నీరు ఎటు పోతుందో తెలియనప్పుడు దానికి నియమాలు పెట్టలేమన్నది న్యాయమూర్తుల వాదన.

ఈ తీర్పుకు ఆధారం 1843 నాటి ఇంగ్లండు కేసు. అక్కడ బొగ్గుగని వల్ల ఎండింది ఒక నూలుమిల్లు బావి. అదే సూత్రం 1882 ఈజ్‌మెంట్స్ చట్టంలో చేరి మద్రాసు ప్రెసిడెన్సీకి, అంటే మన సీమకూ కోస్తాకూ వచ్చింది. పక్కచేలో లోతు బోరు పడగానే మన బావి ఎండితే నోరెత్తలేకపోవడం అనంతపురం రైతుకు కొత్త కాదు. డెనిసన్ ఈస్టు గారూ, మన రైతూ ఒకే చట్టం చేతిలో ఓడారన్నమాట!

డెనిసన్ ఉన్న గ్రేసన్ కౌంటీకి భూగర్భ జల సంరక్షణ జిల్లా 2009లో ఏర్పడింది. మన దగ్గర 2002లో వాల్టా చట్టం వచ్చింది. కాగితం మీద మంచి చట్టమే. నాకు మాత్రం అంతకంటే ముచ్చట గొలిపింది 2003లో ఏడు కరువు జిల్లాల్లో మొదలైన రైతుల భూగర్భ జల పథకం. న్యాయమూర్తులు తెలియదన్న నీటి సంగతిని రైతులు పదిహేను రోజులకోసారి బావుల్లోకి టేపు వదిలి కొలిచారు. వానను కూడా వాళ్ళే కొలిచి, రబీకి ముందు ఊరందరూ కూర్చుని నీటి లెక్క కట్టేవారు. లెక్క విన్నాక ఏ పంట వేసుకోవాలన్నది ఎవరిష్టం వారిదే.