నిలిచిన బండికి వచ్చు వేడి

మూడవ అసఫ్ జాహీ ప్రభువగు సికందర్ జా పేరిట 1806లో నామకరణము పొంది, హుస్సేన్ సాగరమునకు ఉత్తరమున బ్రిటిషు దండు విడిదిగా పెరిగిన సికింద్రాబాదునకు మోటారు మరమ్మతు విద్య సహజముగనే అబ్బినది. ఒక వంక దండు బండ్లు, మరొక వంక రైలు కార్ఖానాలు, వాటికి తోడుగా 1932 జూన్ మాసమున నిజాం రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతోను 166 మంది ఉద్యోగులతోను ప్రారంభించిన రోడ్డు రవాణా శాఖ, ఈ మూడింటి నడుమ ఇనుమును, చమురును ఎరిగిన చేతులు తయారైనవి. రాణీగంజులోని విడిభాగముల అంగళ్లు నేటికిని ఆ వారసత్వమును నిలుపుచున్నవి. ఆ విద్యలో ఒక చిన్న ప్రకరణమును, అనగా పరుగులో చల్లగా నుండి నిలిచినప్పుడు మాత్రమే మరిగెడి ఇంజను కథను, ఇచట చెప్పదలచితిని. ఊరి రోడ్లు ఎట్లు మారినవో ఆ వేడిని బట్టియే తెలిసికొనవచ్చును.

తొలినాటి మోటార్లను ఈ జబ్బు అంతగా పీడింపలేదు. ఫోర్డు మోడల్ టి బండ్లలో దాదాపు అన్నింటికిని నీటిని త్రిప్పు పంపు సైతము లేదు. వేడెక్కిన నీరు తేలికయై రేడియేటరులోనికి లేచుట, అచట చల్లబడి బరువెక్కి దిగివచ్చుట అను ప్రకృతి ధర్మము మీదనే ఇంజను బ్రతికెడిది. అట్టి బండి నిండు బరువుతో ఘాటు రోడ్డు ఎక్కునప్పుడు మరిగెడిది. సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున నున్న సికింద్రాబాదులో నీరు 98 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే మరుగును గనుక పల్లపు ఊళ్లకంటె ఇచట డ్రైవరునకు వెసులుబాటు కొంత తక్కువయే. ఒత్తిడిని నిలుపు మూతలు వచ్చిన పిమ్మట ఆ హద్దు 120 దరిదాపులకు పెరిగినది.

బండ్ల రద్దీ హెచ్చిన కొలది జబ్బు ఘాటు రోడ్డునుండి కూడలికి దిగివచ్చెను. అంబాసిడర్, ఫియట్ బండ్లలో ఫ్యాను రెక్కలు బెల్టు ద్వారా ఇంజనుతోనే తిరుగును. బండి పరుగులో నున్నంతసేపు ఎదురుగాలియే రేడియేటరును చల్లార్చును. సికింద్రాబాదులోని ప్యారడైజు కూడలి వద్దనో, ప్యాట్నీ సెంటరులోనో, మే నెల మిట్టమధ్యాహ్నము బండ్ల బారులో చిక్కుకొన్నప్పుడు ఎదురుగాలి ఉండదు, ఇంజను మెల్లగా తిరుగుచుండుటచే ఫ్యాను సైతము మందగించును. గాలి మిక్కిలి కావలసిన వేళనే అది మిక్కిలి తక్కువగా అందును. అందుచే అనుభవశాలియగు మరమ్మతు ఉస్తాదు బానెట్టు ఎత్తకమునుపే, "నిల్చుంటే హీటెక్కుతుందా సార్, నడుస్తుంటేనా?" అని అడుగును. పరుగులోను మరిగినచో రేడియేటరు పూడుటయో, వాటర్ పంపు అరుగుటయో, వేడిని బట్టి నీటి దారిని తెరచు థర్మోస్టాటు మూసికొనిపోవుటయో కారణము కావచ్చును; నిలిచినప్పుడు మాత్రమే మరిగినచో మొదట అనుమానింపవలసినది గాలిని. పిమ్మట అతడు ఇంజను ఆపించి బెల్టును బొటనవ్రేలితో నొక్కును. అర అంగుళమునకు మించి లోనికి పోయినచో అది వదులైనట్లే. మరల ఇంజను నడిపించి రేడియేటరు ముందు ఒక కాగితము పట్టును. ఫ్యాను చక్కగా లాగుచున్నచో అది అంటుకొని నిలుచును, లేనిచో జారిపడును. వేడిమీద మూత మాత్రము విప్పడు. ఒత్తిడిలో నున్న నీరు ఒక్క పెట్టున ఆవిరియై మొగము కాల్చును. ఏ మీటరును లేక, ఒక ప్రశ్నతోను ఒక కాగితముతోను సాగు ఈ పరీక్షను నేను వైద్యుని నాడీపరీక్షతో సమానముగా గౌరవింతును.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చుటతో ఫ్యాను బెల్టును వీడి కరెంటు మోటారును ఆశ్రయించెను. నీరు తగిన వేడికి రాగానే స్విచ్చి దానంతట అదే ఫ్యానును తిప్పును గనుక ఇంజను మెల్లగా తిరిగినను గాలికి లోటు లేదు. అయితే ఫ్యూజు కాలినను, రిలే చెడినను, స్విచ్చి మొరాయించినను గాలి పూర్తిగా నిలిచిపోవును. స్విచ్చి తీగలు రెండింటిని కలిపి చూచుట నాటి ఉస్తాదులు త్వరలోనే నేర్చిన ఉపాయము. ఫ్యాను తిరిగినచో దోషము స్విచ్చిది, తిరుగనిచో మోటారుదో, ఫ్యూజుదో, రిలేదో.

ఇక నీటి సంగతి. రాతినేల బోరునీటిలోని సున్నము రేడియేటరు గొట్టములలో పొలుసు కట్టును. ఇత్తడి రేడియేటరును విప్పి, సన్నని ఊచలతో గొట్టములను పొడిచి శుభ్రపరచి, తగరముతో మరల అతుకు పెట్టు పనివారికి ఒకప్పుడు చేతినిండ పని. అల్యూమినియము, ప్లాస్టికుతో చేసిన రేడియేటర్లకు ఆ అతుకు పనికిరాదు, చెడినచో మార్చుటయే. ఆ నేర్పు తరిగిపోవుట నాకు బాధ కలిగించుచున్నది.

వారసత్వములో వదలుకొనదగినది ఒకటి కలదు. ఉష్ణదేశమున థర్మోస్టాటు ఎందుకని దానిని పీకి పారవేయు అలవాటు పాత బండ్ల కాలమున చెల్లినదేమో. నేటి ఇంజనులలో అది లేనిచో నీరు తగిన వేడికి త్వరగా రాదు, కంప్యూటరు ఇంజను చల్లగనే యున్నదనుకొని పెట్రోలు ఎక్కువగా పోయును. పైగా ఫ్యాను తిరుగని బండికి థర్మోస్టాటును పీకుటవలన మేలేమియు కలుగదు. థర్మోస్టాటును మరుగు నీటిలో వేసి, అది తెరుచుకొనుచున్నదో లేదో చూచి, చెడినచో క్రొత్తది బిగించుటయే సరియైన పద్ధతి.