డాలీ ఎవరి బుర్రలో పుట్టింది?

డాలీ అనే గొర్రెపిల్ల 1996 జూలై 5న స్కాట్లాండులోని రోజ్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టింది. సరే, ఆ ఆలోచన ఎవరి బుర్రలో, ఏ తేదీన పుట్టింది? నవ్వకండి, క్లోనింగ్ మీద పేటెంటు ఆఫీసులో ఏళ్ల తరబడి నడిచిన తగువే ఇది.

అమెరికాలో 2013 మార్చి 16 దాకా రూలు వేరు. ముందు దరఖాస్తు పెట్టినవాడికి కాదు, ముందు కనిపెట్టినవాడికే పేటెంటు. వినడానికి న్యాయంగానే ఉంది కదా? చిక్కల్లా రుజువు దగ్గరే. "నాకు ఎప్పుడో తట్టింది" అంటే చెల్లదు. ఆలోచన పూర్తి రూపంలో ఉండాలి. పైగా కనిపెట్టినవాడి మాట ఒక్కటే చాలదు, వేరే సాక్ష్యం కావాలి. అందుకే ల్యాబ్ నోటుపుస్తకంలో పేజీ పేజీకీ తేదీ వేసి, పక్కవాడి చేత "చదివాను, అర్థమైంది" అని సంతకం పెట్టించేవాళ్లు. మన భాషలో చెప్పాలంటే కమిట్ లాగ్ ఉండాలి, రివ్యూ చేసినవాడి పేరూ ఉండాలి.

ఇంకో మెలిక. 1996 జనవరి 1కి ముందు బ్రిటన్‌లో చేసిన పని ఎంత పక్కాగా రాసిపెట్టినా అక్కడ కనిపెట్టిన తేదీకి రుజువు కాదు. కాబట్టి రోజ్లిన్ వాళ్లకు 1995 ఆగస్టు 31న బ్రిటన్‌లో వేసిన దరఖాస్తే దిక్కు. అంటే డాలీ పుట్టకముందే! మరోపక్క మసాచుసెట్స్ యూనివర్సిటీ వాళ్లు 1997 జనవరిలో దరఖాస్తు పెట్టి, 1999లో పేటెంటు తెచ్చుకున్నారు. దాని లైసెన్సు అడ్వాన్స్‌డ్ సెల్ టెక్నాలజీది, రోజ్లిన్ వైపు హక్కులు జెరాన్ కంపెనీవి. 2005లో పేటెంటు బోర్డు జెరాన్ వైపే తీర్పిచ్చింది.

మరి రోజ్లిన్ లోపల ఎవరిది? 1997 నాటి నేచర్ పేపర్లో మొదటి పేరు ఇయాన్ విల్ముట్, చివరి పేరు కీత్ క్యాంప్‌బెల్. కణానికి పోషకాలు తగ్గించి, ఒకరకంగా పస్తు పెట్టి నిద్రపుచ్చాలన్న కీలకమైన ఉపాయం క్యాంప్‌బెల్‌ది. 2006లో ఎడిన్‌బరోలో ఒక ఉద్యోగ ట్రిబ్యునల్ ముందు, ఘనతలో 66 శాతం క్యాంప్‌బెల్‌దేనని విల్ముట్ స్వయంగా ఒప్పుకున్నారు. అయినా లోకం నోట్లో నానింది విల్ముట్ పేరే.

నాకు అర్థమైంది ఇదీ: కాగితం కంపెనీల తగువు తీర్చగలదు గానీ, పక్కపక్కన కూర్చుని పనిచేసిన ఇద్దరిలో ఎవరిదెంతో తేల్చలేదు. దానికి ఆ పక్కవాడే నోరు విప్పాలి. మన డిజైన్ మీటింగుల్లో మాత్రం వేరేగా ఉందా? ఐడియా ఒకరిది, స్లైడు మీద పేరు ఇంకొకరిది. తేదీ వేసి రాసిపెట్టుకోండి, మంచిదే. పక్కవాడి ఐడియా అయితే అతని పేరు కూడా మీరే రాయండి. పదేళ్ల తర్వాత ట్రిబ్యునల్లో శాతాలు లెక్కపెట్టుకునే కన్నా అది తేలిక.