మందు కలిపిన చేతులు

మన భాషలో రోగిని బ్రతికించునదియు మందే, చేనిలోని పురుగును చంపునదియు మందే. విషమునకు ఔషధముతో సమానముగ పేరు దొరికినచో దానియెడ భయము తగ్గుట సహజము. ఈ రెండవ మందు మన పల్లెలకు వచ్చిన కథను గండిపేట గట్టున నిలిచి ఒకసారి తలచుకొందము.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచెను. అట్టి వరద మరల రాకుండుటకును, నగరమునకు త్రాగునీరు సమకూర్చుటకును విశ్వేశ్వరయ్యగారు సూచించిన మార్గమున 1920లో గండిపేట చెరువు, అనగా ఉస్మాన్‌సాగరము, పూర్తియయ్యెను. 1927లో హిమాయత్‌సాగరము దానికి తోడయ్యెను. వీని ఎగువనున్న మొయినాబాదు, చేవెళ్ళ ప్రాంతములు కూరగాయలకును పూలకును పేరుపడినవి. పుచ్చులేని వంకాయకే, మచ్చలేని గులాబికే అంగడిలో ధర పలుకును. ఆ ధరకొరకే తోటలో మందు చల్లుదురు.

ఈ మందుల చరిత్ర దీర్ఘమైనది కాదు. 1939లో స్విట్జర్లాండుకు చెందిన పౌల్ ముల్లర్ డి.డి.టి.కి పురుగులను చంపు శక్తి కలదని కనుగొనెను. 1948లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. పిమ్మట మన చేలలోనికి గమాక్సిన్, ఎండ్రిన్ మున్నగునవి వచ్చెను. ఎండ్రిన్ అను పేరు తెలుగు పల్లెలలో విషమునకే మారుపేరయ్యెను. జర్మనీలో విషవాయువులను కనుగొనిన పరిశోధననుండియే పారథియాన్ వంటి భాస్వరసంబంధమైన మందులు పుట్టెను. ఇవి నరములకును కండరములకును నడుమ సంకేతములను అదుపుచేయు ఒక కిణ్వమును స్తంభింపజేయును. అంతట చెమటలు క్రమ్మును, నోట చొంగ కారును, కనుపాపలు చిన్నవగును, కండరములు అదరును. విషము ముదిరినచో ఊపిరి నిలుచును. త్రాగిననే కాదు, తడిసిన చర్మముద్వారా కూడ ఇది దేహమున ప్రవేశించును.

ఈ ప్రమాదమును దేశము గుర్తించినది ఎప్పుడు? 1958లో ఓడలో పారథియాన్‌తోపాటు వచ్చిన ఆహారపదార్థములకు ఆ విషము సోకి, వానిని తిని కేరళలో నూరుమందికి పైగా మరణించిరి. ఆ విషాదమే 1968 నాటి కీటకనాశక మందుల చట్టమునకు దారితీసెను. 1971 నాటి నిబంధనలలో మందు చల్లువారికి రక్షణదుస్తులు, చేతితొడుగులు, నియమితకాలమున వైద్యపరీక్ష ఉండవలెనని వ్రాసిరి. వ్రాసినది మంచిదే. కాని దినకూలికి వచ్చి, సాయంకాలము వేరొకరి తోటకు పోవు మనిషికి ఆ పరీక్ష చేయించువారెవరు?

గండిపేట విషయముననే చూడుడు. 1996 మార్చి 8వ తేదీన ప్రభుత్వము 111వ నంబరు ఉత్తర్వును వెలువరించి, రెండు చెరువులకు పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామములలో కాలుష్యము కలిగించు పరిశ్రమలను నిషేధించెను. 2022 ఏప్రిలులో ఆ ఆంక్షలను తొలగించుచు మరియొక ఉత్తర్వు వెలువడెను. ఈ కాలమంతయు వాదము చెరువును గూర్చియు భూమిధరను గూర్చియు సాగెను. నీరు త్రాగువారి క్షేమము చర్చకు వచ్చినది. నీటిలో మందు కలుపువారి క్షేమము అంతగా రాలేదు.

ఆ కలుపు చేతులు తరచుగా స్త్రీలవి. 2003లో ఆంధ్రప్రదేశమున మూడు గ్రామముల ప్రత్తిరైతులను గూర్చి జరిగిన పరిశీలనలో ఏబదిమంది స్త్రీలు తమకును, తమ ఇంటి మగవారికిని మందు సోకినపుడెల్ల కలిగిన బాధలను పంటకాలము పొడుగునను తెలిపిరి. అట్లు తెలిపిన 323 పర్యాయములలో నూటికి 83కు పైగా ఏదో ఒక విషలక్షణము కనిపించెను. పురుషుడు పంపు వీపున మోసి చల్లును. స్త్రీ చిక్కని మందును నీట కలిపి డబ్బా నింపును. ఆ పనియు చల్లుటతో సమానముగ ప్రమాదకరమని తేలెను. నూటికి ఆరుసారులు బాధ మిక్కిలి తీవ్రముగ నుండినను ఒక్కరును వైద్యునికడకు పోలేదు. కూలిపోవునను భయమొకటి, తలనొప్పిని, వాంతిని ఎండదెబ్బగా సరిపెట్టుకొనుట యొకటి. చేవెళ్ళకు పొరుగుననున్న వికారాబాదు, మరియు సంగారెడ్డి, యాదాద్రి భువనగిరి జిల్లాల రైతుల దేహములలో ఈ మందుల అవశేషములున్నట్లు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 2024లో వెల్లడించిరి.

దారి లేకపోలేదు. నాటి ఖమ్మము జిల్లాలోని పునుకుల గ్రామస్థులు వేపగింజల కషాయమును, మిరప వెల్లుల్లి ద్రావణమును, పురుగులను ఆకర్షించు బుట్టలను వాడి 2004 నాటికి రసాయనపు మందులను విడనాడిరి. అంతవరకు పోలేనివారు సైతము డబ్బాపై ఎర్రని త్రిభుజమున్నచో అది మిక్కిలి తీవ్రమైన విషమని గుర్తింపవచ్చును. చేతితో కాక కర్రతో కలుపవచ్చును. గాలికి ఎదురుగ చల్లకుండవచ్చును. తడిసిన బట్టను వెంటనే విప్పి సబ్బుతో స్నానము చేయవచ్చును. ఒంట నలతగా ఉన్నచో డబ్బాను వెంట తీసికొని వైద్యునికడకు పోవలెను. భాస్వరసంబంధమైన విషమునకు అట్రోపిన్ అను విరుగుడు కలదు. వేళకు అందినచో ప్రాణము నిలుచును.

ఇక పట్టణవాసులమైన మనము చేయదగినది ఒకటి కలదు. పుచ్చు వంకాయను చూచి మొగము త్రిప్పుకొనుటకు ముందు, పుచ్చులేని కాయకొరకు ఏ తల్లి మందునీట చేయి ముంచినదో ఒకమారు తలంపవలెను. ఒక మచ్చను మనము సహించినచో ఆమె ఒకసారి తక్కువగా ఆ డబ్బా మూత విప్పును.